పంచ కైసరీయం: ఒక తాండూరు మాటకు టీకా తాత్పర్యం

మూలం

జూలైల ఖైసర్ భాయ్ కోడలికి సిజేరిన్ అయింది. పాలిష్ కాడ సీజర్‌గానికి బువ్వ పెట్టేటోళ్లు లేరు. ఆగస్టుల చిల్లా ఒడిసినంక వికారాబాదుకు తోల్కపోతరట.

అవతారిక

ప్రాచీన రోములో జూలియస్ అనే వంశంలోని ఒక శాఖకు కైసర్ అని ఇంటిపేరు. ఆ ఇంటిపేరు ఒక సేనాపతితో లోకానికెక్కింది, అతని వారసులతో బిరుదైంది, బిరుదుగా దేశదేశాల సింహాసనాలెక్కి దిగింది. సింహాసనాలు పోయాక అది ఎక్కడెక్కడ కాపురం పెట్టిందో తెలుసుకోవడానికి రోము దాకా పోనక్కరలేదు. పై మూలం చాలు. తాండూరు బస్టాండు పక్కన చాయ్ హోటల్లో రోజూ వినబడగల ఈ మూడు వాక్యాల్లో ఆ రోమన్ కుటుంబం ఐదుసార్లు తల చూపుతుంది: జూలై, ఖైసర్, సిజేరిన్, సీజర్, ఆగస్టు.

ఖైసర్ భాయ్ ఎవరు అని అడగకూడదు. వ్యాకరణ గ్రంథాల్లో అన్నం వండే, ఊరికి పోయే దేవదత్తుడు ఎవరో అతనూ అటువంటివాడే. ఉదాహరణలో తప్ప ఊళ్లో ఉండడు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది కొలిచెలమ, అంటే నేటి మెదక్ జిల్లా కొల్చారం. వికారాబాదుకు మరీ దూరం కాదు. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఈ టీక మొదటి నియమాన్ని పాటిస్తుంది. రెండోదాన్ని పాటిస్తే టీకే ఉండదు.

పాఠాంతరాలు

"ఖైసర్" అన్నచోట "కైసర్" అని చదువుకున్నవారి పాఠం. దక్కనీ ఉర్దూలో గొంతు లోపలి "క" అంతా "ఖ"గా మారుతుంది. ఖాజీ, ఖలం, ఖైసర్. కనుక తాండూరు పాఠమే గ్రాహ్యం. "సిజేరిన్" అన్నచోట "సిజేరియన్" అని పత్రికల పాఠం, "పెద్దాపరేషన్" అని ఊళ్లలోని పెద్దవాళ్ల పాఠం. రెండోదాన్ని స్వీకరిస్తే పంచకం చతుష్టయమవుతుంది. అందువల్ల వదిలేయడమైనది.

తాత్పర్యం

వానాకాలంలో ఒక ఇంటి కోడలికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంటివాళ్లంతా దవాఖాన చుట్టూ తిరుగుతుండడంతో బండల కార్ఖానాలోని కుక్క పస్తుంటున్నది. నలభై రోజులు గడిచాక వికారాబాదు ప్రయాణం ఉంది. వచ్చే నెల సంగతి ముందే తెలిసినట్టు పలకడం మన పలుకుబడిలో ఉన్నదే.

ఇక పదవ్యాఖ్య.

జూలైల: జూలై నెలలో అని అర్థం. "లో" అనే ప్రత్యయం తెలంగాణ నోట "ల" అవుతుంది. ఈ నెలకు రోమన్ల పాత పేరు క్వింటిలిస్, అంటే అయిదోది. వాళ్ల పూర్వపు సంవత్సరం మార్చితో మొదలయ్యేది కనుక లెక్క సరిపోయేది. గాయస్ జూలియస్ కైసర్ క్రీ.పూ. 100లో ఆ నెలలోనే పుట్టాడు. క్రీ.పూ. 44 మార్చి 15న సభలో పొడిచి చంపారు. ఆ ఏడే అతని వంశనామం నెలకు ఎక్కింది. బతికుండగా ఆయన చేసిన పనుల్లో పంచాంగం దిద్దడం ఒకటి. అంతకుముందు రోములో అధికమాసం ఎప్పుడు వేయాలో పూజారులు నిర్ణయించేవారు. మన పంచాంగంలో అధికమాసం గణితం చెబితే వస్తుంది. అక్కడ పదవిలో ఉన్నవాడు కావలసినవాడైతే వచ్చేది, కానివాడైతే రాకుండా పోయేది. ఈ గందరగోళాన్ని సరిచేయడానికి క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకు సాగదీయవలసి వచ్చింది. అలెగ్జాండ్రియాకు చెందిన సోసిజెనీస్ అనే జ్యోతిష్కుడు లెక్క కట్టి ఇచ్చాడు. సంవత్సరానికి 365 రోజులు, నాలుగేళ్లకొకసారి ఒక రోజు ఎక్కువ అన్న ఆ లెక్కే చిన్న సవరణతో నేటి గోడ క్యాలెండర్.

"నిజాం ఏలుబడిలో వికారాబాదుకు జూలై ఎక్కడిది?" అని ఆక్షేపం. నిజమే. హైదరాబాదు రాజ్యపు దఫ్తర్లలో నడిచింది ఫస్లీ సంవత్సరం. ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్ అంటూ పారసీ నెలలు. ఆజుర్ అక్టోబరు మొదటి వారంలో వచ్చేది. ఆ వరుసలో దాదాపు జూలైకి సరిపడేది షహ్రేవర్. పాత పహాణీలు, దస్తావేజులు తిరగేసినవారికి ఫస్లీ అంకె పరిచయమే. షహ్రేవర్ అన్న మాట అవెస్తా భాషలోని "క్షథ్ర వైర్య" నుంచి వచ్చింది. కోరదగిన రాజ్యం అని దాని అర్థం, మన "క్షత్ర" శబ్దానికి అది తోబుట్టువు. కాబట్టి ఈ నెలకు రాజరికం జూలియస్‌తో కొత్తగా అంటింది కాదు. ఒక రాజనామం పోయి మరొకటి వచ్చింది.

ఇదంతా దఫ్తరు లెక్క. చేను మీది మనిషికి జూలై అంటే పునర్వసు, పుష్యమి కార్తెలు. కంది మొలకెత్తి కలుపుకు వచ్చే రోజులు. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది గనుక ఆ చేనును గౌరవంగా పేర్కొనవలసి ఉంది. తెలుగు లెక్కలో ఇది తరచు ఆషాఢం. కొత్త కోడళ్లను పుట్టింటికి పంపే మాసం. ఆషాఢంలో గర్భం నిలిస్తే కాన్పు నడివేసవిలో వస్తుందని దానికి ఒక కారణం చెబుతారు. మూలంలోని కోడలికి ఈ నియమం వర్తించదు. కారణం మతం కావచ్చు, కాలం మారడం కావచ్చు. రెండింటిలో ఏదో తేల్చే సామగ్రి మూలంలో లేదు.

ఖైసర్ భాయ్: ఇది మూలంలోని ప్రధాన పదం. గ్రీకులు ఈ లాటిన్ పేరును కైసర్ అనే రాసుకున్నారు, అరబ్బీలో ఖైసర్ అయింది, అక్కడి నుంచి పారసీ, ఉర్దూలకు దిగింది. ఇంగ్లీషువాళ్లు "సీజర్" అన్నారు. జూలియస్ స్వయంగా తాండూరు స్టేషనులో దిగితే "సీజర్" అని పిలిచినవాడి వైపు తిరిగి చూడడు. "కైసర్ భాయ్" అంటే తిరుగుతాడు. తెలుగు బైబిలు అనువాదకులు కూడా ఇంగ్లీషు పలుకుబడిని పక్కనబెట్టి "కైసరు" అనే వాడారు. మెథడిస్టు మిషన్ పాతుకున్న వికారాబాదు పరిసరాల్లో ఆ రూపం చర్చిలోనూ ఈ రూపం మసీదు వీధిలోనూ వినబడుతుంటాయి. రెండూ సీజర్ కంటే రోముకు దగ్గర.

వ్యుత్పత్తి విషయంలో రోమన్లే ఏకాభిప్రాయానికి రాలేదు. "హిస్టోరియా ఆగస్టా" అనే లాటిన్ గ్రంథం నాలుగు పక్షాలు చెబుతుంది. తల్లి కడుపు కోసి తీసినవాడికి పుట్టిన పేరని ఒకటి. పుట్టేటప్పటికే ఒత్తయిన జుట్టుందని ఒకటి. కళ్లు బూడిద కలిసిన నీలం రంగని ఒకటి. ఏనుగును చంపిన పూర్వీకుడికి వచ్చిందని, మూరుల భాషలో ఏనుగుకు అటువంటి పేరే ఉందని ఒకటి. కోత పక్షం "సిజేరిన్" దగ్గర, కళ్ల పక్షం "సీజర్‌గాడు" దగ్గర విచారణకు వస్తాయి. ఏనుగు పక్షాన్ని జూలియస్ కొట్టిపారేసినట్టు లేడు. అంతర్యుద్ధం మొదట్లో ఆయన వేయించిన వెండి నాణెం మీద ఏనుగు బొమ్మ, దాని కింద తన పేరు ఉన్నాయి. జుట్టు పక్షం ఆయనకు నచ్చి ఉండదు. ఆయనకు బట్టతల. సభ తనకిచ్చిన సత్కారాలన్నిటిలో ఎల్లవేళలా ఆకుల కిరీటం పెట్టుకునే హక్కు ఆయనకు ఎక్కువ ప్రీతిపాత్రమైందని, కారణం ఈ బట్టతలేనని రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు.

ఇక్కడ తెలుగు పండితుడు ఊరుకోలేడు. లాటిన్‌లో "కైసరీస్" అంటే తల వెంట్రుకలు. సంస్కృతంలో "కేసరం" అంటే జూలు, జూలున్నది కేసరి. అందుచేత కైసర్ అంటే కేసరే, కాబట్టి రోము చక్రవర్తులు హనుమంతుడి తండ్రి పేరు పెట్టుకున్నారు అని ఒక వాదం లేవదీయవచ్చు. లాటిన్, సంస్కృత పదాలను పూర్వపు నిఘంటుకర్తలు పక్కపక్కన పెట్టి చూసిన మాట నిజం. సంబంధం రుజువైన మాట మాత్రం నిజం కాదు. ఆ వాదాన్ని కార్తీకమాసపు ఉపన్యాసాలకు వదిలిపెట్టడం మేలు.

"ఇది రాజనామమా?" అని మరో ఆక్షేపం. ఈ ఆక్షేపం బలమైనది. జూలియస్ రాజు కాడు. రోమన్లకు రాజు అన్న మాటే గిట్టదు, వాళ్లు రాజుల్ని వెళ్లగొట్టి అయిదు వందల ఏళ్లు కావస్తున్నది. గుంపులో ఎవరో ఆయనను రాజా అని పిలిస్తే, తాను రాజు కాదనీ కైసర్‌ననీ బదులిచ్చాడట. లాటిన్‌లో రాజుకు "రెక్స్" అంటారు. రెక్స్ అన్నది కూడా రోములో ఒక ఇంటిపేరు, ఆయన నాయనమ్మ పుట్టింటివారిది. అంటే ఇంటిపేరు పొరపాటుగా పిలిచారన్నట్టు మాట దాటేశాడు. సమాధానమేమంటే, ఆ చమత్కారం చరిత్రలో తలకిందులైంది. రాజు కానన్న మనిషి పేరే రాజుల కంటే పైమెట్టుకు పేరైంది.

అదెలాగంటే, ఆయన దత్తపుత్రుడు ఆక్టేవియన్ ఆ పేరు పెట్టుకున్నాడు. దత్తతల మీద దత్తతలుగా అది నాలుగు తరాలు నడిచింది. క్రీ.శ. 68లో నీరోతో ఆ కుటుంబం అంతరించింది గాని పేరు ఆగలేదు. రక్తసంబంధం లేని చక్రవర్తులూ దాన్ని తగిలించుకున్నారు. 293లో డయొక్లీషియన్ రాజ్యాన్ని పంచి, పెద్ద చక్రవర్తి అగస్టస్, చిన్న చక్రవర్తి కైసర్ అని హోదాలు ఏర్పరిచాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గెలిచిన తురుష్క సుల్తాను రెండో మెహ్మద్ కైసరె రూమ్ అనిపించుకున్నాడు. 1547లో నాలుగో ఇవాన్ మాస్కోలో జార్‌గా పట్టం కట్టుకున్నాడు. "జార్" అన్నది కూడా కైసరే, చలిదేశంలో ముడుచుకుపోయింది. రష్యాలో ఈ బిరుదు 1917లో, జర్మనీలో 1918లో, బల్గేరియాలో 1946లో దిగిపోయింది.

భారతదేశంలో ఈ బిరుదు ఇంగ్లీషువాళ్ల కంటే ముందే ఉంది. అటక్ దగ్గరి ఆరా అనే చోట దొరికిన ఖరోష్ఠీ శాసనంలో కనిష్క నామం గల ఒక కుషాణ రాజు మహారాజ, రాజాతిరాజ, దేవపుత్ర బిరుదుల పక్కన "కైసర" కూడా చేర్చుకున్నాడు. భారతం నుంచి ఒకటి, ఇరాను నుంచి ఒకటి, చైనా వైపు నుంచి ఒకటి, రోము నుంచి ఒకటి అన్నట్టు ఉంటుంది వరుస. దక్కనుకు ఈ పేరు శాసనంగా రాలేదు, డబ్బుగా వచ్చింది. దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్‌లవే ఎక్కువ. నల్లగొండ జిల్లా అక్కెనపల్లి కుప్పలో అటువంటివి పదిహేను వందలకు పైగా బయటపడ్డాయి. వాటి అంచు చుట్టూ ఉన్న అక్షరాల్లో కైసర్ అన్న మాట ఉంటుంది. వికారాబాదుకు పక్కనున్న సంగారెడ్డి జిల్లా కొండాపురంలో రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి పతకాలు దొరికాయి. అంటే రెండు వేల ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల ఎవరో కైసర్ బొమ్మను మెడలో వేసుకుని, ఎవరి బొమ్మో తెలియకుండానే తిరిగి ఉంటారు.

1876లో బ్రిటిష్ పార్లమెంటు విక్టోరియాకు కొత్త బిరుదు ఇవ్వడానికి చట్టం చేసింది. దేశభాషల్లో ఏమనాలి? లాహోరులోని లైట్నర్ అనే పండితుడు "కైసరె హింద్" అని సూచించాడు. హిందువులకూ ముస్లిములకూ పరాయి కానిది, ఎవరి పాత పాదుషా పేరూ కానిది, పైగా ఆడ మగ తేడా లేకుండా పలకదగినది కావడం అందులోని సౌకర్యం. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ప్రకటించారు. పదేళ్లు దాటిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా ఆ దర్బారుకు వెళ్లాడు. 1900 నుంచి అదే పేరుతో ప్రజాసేవకు పతకం ఇచ్చారు. గాంధీకి 1915లో వచ్చింది, 1920లో తిరిగిచ్చేశాడు.

ఇక మనిషి పేరుగా. అరబ్బీ, పారసీ సాహిత్యంలో "ఖైసర్, కిస్రా" అని జంటగా అంటారు. రోము రాజు ఒకడు, ఇరాను రాజు ఒకడు. కిస్రా అంటే ఖుస్రో. సికందర్, జంషేద్, ఖుస్రో, ఖైసర్ అన్నీ ముస్లిం ఇళ్లలో పిల్లలకు పెట్టుకునే పేర్లే. ఖైసర్ ఆడపిల్లలకూ పెడతారు. సికందర్ అలెగ్జాండరు. మూడో నిజాం సికందర్ జా మీదుగా సికింద్రాబాదుకు ఎక్కిన ఆ పేరు గ్రీకుది. ప్రస్తుతం రోమన్ల వంతు గనుక దాన్ని దాటవేయాలి. "భాయ్" అన్నది సంబోధనగా మొదలై నామంలో అంతర్భాగమైన పదం. తాండూరులో కన్నడం మాట్లాడే కిరాణం దుకాణదారు, తెలుగు మాట్లాడే ఆటో డ్రైవరు, ఉర్దూ మాట్లాడే మేస్త్రీ ముగ్గురూ అతన్ని ఖైసర్ భాయ్ అనే అంటారు. డయొక్లీషియన్ ఏర్పరిచిన హోదాల్లో ఇది లేదు.

కోడలికి: చతుర్థీ, షష్ఠీ అని రెండు విధాల చెప్పవచ్చు. ఏ విధంగా చెప్పినా బాధ కోడలిదే.

సిజేరిన్: కడుపు, గర్భసంచి కోసి బిడ్డను తీయడం. జూలియస్ ఇలాగే పుట్టాడని, అతని పేరే దీనికి వచ్చిందని లోకంలో ప్రసిద్ధి. ఈ ప్రసిద్ధికి మూలం క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ. ఆయన చెప్పింది మాత్రం మొదటి కైసర్ గురించి, అంటే ఆ ఇంటిపేరు తెచ్చుకున్న పూర్వీకుడి గురించి. జూలియస్ తల్లి ఆరేలియా క్రీ.పూ. 54 వరకు జీవించింది, కొడుకు గాల్ దేశంలో యుద్ధం చేస్తుండగా చనిపోయింది. ఆ కాలంలో కడుపు కోశాక బతికి బట్టకట్టిన తల్లి లేదు. కనుక జూలియస్ నార్మలే. మూలంలోని ఐదుగురిలో సిజేరిన్‌కు పేరుపడ్డ మనిషే సిజేరిన్ కాకపోవడం విశేషం.

పేరుకు రెండో దారి ఉంది. లాటిన్‌లో "కైసుమ్" అంటే కోసినది. గర్భిణి చనిపోతే బిడ్డను తీయకుండా పూడ్చకూడదని రోములో పాత రాజుల నాటి చట్టం ఒకటి ఉండేది. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ కూర్చిన న్యాయసంగ్రహం దాన్ని రాజశాసనం పేరుతోనే ఎత్తిచూపింది. మన సుశ్రుతుడు కూడా తల్లి పోయి కడుపులో కదలిక కనిపిస్తే వెంటనే కోసి తీయమన్నాడు. రెండుచోట్లా నియమం చనిపోయిన తల్లికే.

కోతకు రాజనామం అంటడం ఒక్క రోముకే చెల్లింది కాదు. హేమచంద్రుడి "పరిశిష్టపర్వం" చెప్పిన కథ ఇది. చంద్రగుప్తుడికి విషం పట్టకుండా చాణక్యుడు రోజూ అన్నంలో కొద్దికొద్దిగా విషం కలిపి అలవాటు చేసేవాడు. తెలియక రాణి దుర్ధర అదే పళ్లెంలో తిన్నది. చాణక్యుడు ఆమె కడుపు కోసి బిడ్డను కాపాడాడు. అప్పటికే బిడ్డ తల మీద ఒక విషబిందువు పడి ఉంది కనుక బిందుసారుడయ్యాడు. పారసీకుల కథలో వీరుడు రుస్తుం తల్లి రూదాబా కడుపు కోతతోనే పుట్టాడు. ఇరానులో ఈ ఆపరేషనుకు రుస్తుం పేరు మీదనే మాట ఉంది. ఏడో నిజాం బిరుదుల్లో "రుస్తుమె దౌరాన్" ఒకటి. కావలిస్తే హైదరాబాదు రాజ్యంలో ఈ ఆపరేషన్ ఆ పేరుతోనే చలామణీ కావలసింది. దవాఖానలు ఇంగ్లీషులో నడవడం వల్ల ఆ అవకాశం తప్పింది.

బతికున్న తల్లికి కోత గురించి ఫ్రాన్సులో రూసె అనే వైద్యుడు 1581లో పుస్తకం రాశాడు. ఆ తరువాత మూడు వందల ఏళ్లపాటు కూడా అది దాదాపు మరణశిక్షే, గర్భసంచిని కుట్టకుండా వదిలేసేవారు. 1882లో జర్మనీలో మాక్స్ జేంగర్ కుట్లు వేసే పద్ధతి స్థిరపరిచాక తల్లులు బతకడం మొదలైంది. 1900లో ఫానెన్‌స్టీల్ చెప్పిన అడ్డకోత నేటికీ తాండూరు దాకా అనుసరణీయం.

ఇప్పుడు ఈ మాట ఎంత సాధారణమంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరిన్లే. దేశం మొత్తానికి 21.5. ప్రైవేటు దవాఖానల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. పది నుంచి పదిహేను శాతం దాటి అవసరం ఉండదని 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నది. ఈ అంతరానికి కారణాలు చాలా ఉన్నాయి. నొప్పులంటే భయం, డాక్టరుకు సమయం, బిల్లు, మొదటిది కోతైతే రెండోదీ కోతే కావడం. తెలుగువాళ్లు ప్రత్యేకంగా కలిపిన కారణం ఒకటుంది, ముహూర్తం. పంచాంగం చూపించి, నక్షత్రం, లగ్నం ఎంచి, ఆ గంటకు థియేటరు మాట్లాడుకునేవారు తక్కువేం లేరు. జాతకం పుట్టుకను బట్టి రాయవలసిన శాస్త్రం. పుట్టుకను జాతకాన్ని బట్టి పెట్టే పద్ధతి బృహజ్జాతకం రాసిన వరాహమిహిరుడికి తట్టలేదు.

అయింది: క్రియాపదం. చేయించుకున్నది, చేసిన్రు అనే రూపాలు ఉండగా "అయింది" వాడడంలో ఔచిత్యం గమనించదగ్గది. ఈ క్రియకు కర్త లేడు. పెండ్లి అయింది, వాన అయింది, యాక్సిడెంట్ అయింది అన్నట్టు సిజేరిన్ కూడా తనంతట తాను జరిగింది. కత్తి పట్టినవాడు, కాగితం మీద సంతకం చేసినవాడు, ముహూర్తం పెట్టినవాడు ముగ్గురూ ఈ ఒక్క క్రియాపదం చాటున నిలబడ్డారు. సర్వే అంకెల్లో ఎవరు కారణమన్న ప్రశ్నకు సమాధానం దొరకకపోవడానికి వ్యాకరణం కూడా కొంత సాయం చేస్తున్నది.

పాలిష్ కాడ: బండలకు నునుపు పట్టే కార్ఖానా దగ్గర. తాండూరు చుట్టూ సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనుల్లో పలకలుగా లేపి, మిషన్ల మీద కోసి, పాలిష్ పట్టి లారీలకెత్తుతారు. నాపరాళ్లు, తాండూరు బండలు, పక్క రాష్ట్రంలో షాబాదు బండలు. తెలంగాణలో నేల మీద కూర్చుని అన్నం తిన్న ప్రతివాడికీ ఈ రాయి స్పర్శ తెలుసు. వీటిలో పసుపు రకం ఒకటి, "తాండూర్ బ్లూ" అని పిలిచే బూడిద కలిసిన నీలిరంగు రకం ఒకటి. కైసర్ పేరుకు చెప్పిన నాలుగు వ్యుత్పత్తుల్లో కళ్ల పక్షం ఇక్కడ పనికొస్తుంది. లాటిన్‌లో "కైసియుస్" అన్న రంగు సరిగ్గా ఇదే, బూడిద నీలం. 1860లో బున్సెన్, కిర్కాఫ్ ఒక కొత్త లోహాన్ని దాని వెలుగులోని నీలి గీతలను బట్టి కనిపెట్టి సీజియం అని పేరు పెట్టింది కూడా ఈ రంగు మాట నుంచే. కాబట్టి ఈ వ్యుత్పత్తిని ఒప్పుకున్నవాడికి తాండూరు ఇళ్ల నేలంతా కైసరీయమే. ఒప్పుకోనివాడికి బండలు బండలే.

సీజర్‌గానికి: కార్ఖానా కాపలా కుక్కకు. ఇంగ్లీషు పలుకుబడితో వచ్చిన ఈ రూపం తెలుగుదేశంలో ప్రధానంగా కుక్కలకే చెల్లుతుంది. టైగర్, టామీ, సీజర్. మొదటి రెండింటికీ లేని వంశగౌరవం మూడోదానికి ఉన్నా మొరిగే తీరులో తేడా కనబడదు. ఇంగ్లీషు దొరలు కుక్కలకు ప్రాచీన వీరుల పేర్లు పెట్టే అలవాటు బంగ్లాల నుంచి బజారుకు దిగింది. షేక్‌స్పియర్ నాటకంలోని మార్క్ ఆంటొనీ ప్రసంగాన్ని బడిలో బట్టీపట్టిన తరాలు దాన్ని నిలబెట్టాయి. "గాడు" అన్నది చనువును, కొద్దిపాటి చులకనను తెలిపే ప్రత్యయం. ఒకే మూలంలో ఒకే పేరు ఒకచోట "భాయ్", ఒకచోట "గాడు" తగిలించుకోవడం వల్ల పునరుక్తి దోషం రాదు. అక్షరాలు కూడా వేరే గనుక వినేవాళ్లకు అది ఒకే పేరని అనుమానమే రాదు.

సీజర్ సలాడ్‌ను ఇందులో ఎందుకు చేర్చలేదంటే, అది మెక్సికోలోని టిహువానాలో హోటలు నడిపిన సీజర్ కార్డీనీ అనే ఇటలీవాడి పేరు మీద 1924లో పుట్టిందని చెబుతారు. చక్రవర్తులకు దానితో పని లేదు. మూలంలో ఉన్నది బువ్వ.

ఆగస్టుల: రోమన్ల ఆరో నెల సెక్స్‌టిలిస్. ఆక్టేవియన్‌కు క్రీ.పూ. 27లో సభ "అగస్టస్" అనే బిరుదు ఇచ్చింది. పూజ్యుడు, మహనీయుడు అని భావం. క్రీ.పూ. 8లో ఈ నెలకు ఆ పేరు పెట్టారు. తన నెల దత్తత తండ్రి నెల కంటే చిన్నదిగా ఉండకూడదని ఫిబ్రవరి నుంచి ఒక రోజు లాక్కున్నాడన్న కథ పదమూడో శతాబ్దంలో సాక్రోబోస్కో పేరు మీద ప్రచారమైంది, నిజం కాదు. నెలల నిడివులు జూలియస్ దిద్దినప్పుడే అలా ఉన్నాయి. పిడికిలి బిగించి కణుపుల మీద నెలలు లెక్కపెట్టే పిల్లలకు ఈ రెండూ ఎదురెదురు కణుపులు. ఒక చేతి ఆఖరి కణుపు మీద ఒకడు, రెండో చేతి మొదటి కణుపు మీద ఒకడు. ఆక్షేపం: జూలై వంశనామం, ఆగస్టు బిరుదు, కైసర్ ఇంటిపేరు కాగా మూడింటినీ ఒకే పంచకంలో ఎలా కలిపారు? సమాధానం: పేర్లు వేరైనా పెట్టుకున్నవాళ్లు ఒకే ఇంటివాళ్లు.

చిల్లా: పారసీలో నలభైకి "చిహిల్". బాలింత నలభై రోజులు బయటికి పోకుండా ఉండే గడువు చిల్లా. సూఫీలు ఒంటరిగా చేసే నలభై రోజుల తపస్సుకూ ఇదే మాట. రెండింటిలోనూ నిద్ర ఉండదు.

ఒడిసినంక: అయిపోయిన తరువాత.

వికారాబాదుకు: వికారం అన్న తెలుగు మాటకూ ఈ ఊరికీ సంబంధం లేదు. అనంతగిరి గుట్టల పక్కన, మూసీ పుట్టే చోట, క్షయ రోగులకు గాలి మంచిదని దవాఖాన కట్టిన ఊరికి ఆ అర్థం అన్యాయం. "వికార్" అంటే పారసీలో హుందాతనం. పాయిగా వంశీయుడు నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చింది. ఫలక్‌నుమా కట్టించినవాడు ఆయనే. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు దివాను. వికారుల్ ఉమ్రా కూడా పుట్టినప్పటి పేరు కాదు, బిరుదు. ప్రభువుల హుందాతనం అని దానికి అర్థం. రోములో ఇంటిపేరు బిరుదైంది, ఇక్కడ బిరుదు ఊరైంది, 2016 అక్టోబరులో ఆ ఊరు జిల్లా అయింది, తాండూరు అందులోకి వచ్చింది. 1874లో వేసిన సికింద్రాబాదు, వాడి రైలుమార్గం మీద రెండూ ఉన్నాయి. ప్రయాణం చిన్నదే.

తోల్కపోతరట: తోలుకొని పోతారు అట. ఇక్కడ కర్మ చెప్పలేదు. ఎవరిని తోల్కపోతారు? పూర్వపక్షి అంటాడు: వెనకటి వాక్యంలో దగ్గరగా ఉన్నది సీజర్‌గాడు. పైగా "తోలు" ధాతువు పశువులకు చెల్లేది. తిండి పెట్టేవాళ్లు లేరని ముందే చెప్పారు గనుక కుక్కను వికారాబాదులో ఎవరింట్లోనో వదలడానికే ప్రయాణం. వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలని మీమాంసకులు, తార్కికులు అన్నారు. సన్నిధి పూర్వపక్షి వైపే ఉంది, ఒప్పుకోవలసిందే. యోగ్యత మాత్రం లేదు. కుక్క ప్రయాణానికి చిల్లా అడ్డు రాదు, నలభై రోజులు ఆగితే కుక్కే ఉండదు. తెలంగాణలో "తోల్కపోవు" అంటే వెంటబెట్టుకుపోవడం, పెండ్లికి చుట్టాలను కూడా తోల్కపోతారు. కనుక కర్మ కోడలు, పసిబిడ్డ. వికారాబాదు కోడలి పుట్టిల్లని ఊహించాలి. సీజర్‌గాడి సంగతి మూలకారుడు తేల్చలేదు.

"అట" అన్నది వినికిడిని తెలిపే అవ్యయం. మాట అన్నవాడు చూసి చెప్పలేదు, ఎవరో అనగా విని చెప్పాడు. ప్రత్యక్షం, అనుమానం కాక శబ్దమే ఇక్కడ ప్రమాణం. కైసర్ కడుపు కోతతో పుట్టాడన్న సంగతిలో ప్లినీకి ఉన్న ఆధారమూ ఇంతే. లాటిన్‌లో "అట" లేకపోవడం వల్ల ఆయన ఆ మాట చేర్చలేకపోయాడు.